ఏసీ గ్యాస్ తాగదు

ఫాల్గుణం వెళ్లి ఉగాది దగ్గర పడేసరికి మన పట్టణాల్లో ఏసీలున్న ఇళ్లన్నింటా ఒకే మాట వినిపిస్తుంది: “గ్యాస్ తగ్గింది సార్, నింపాలి.” ఆ మాట అనే మెకానిక్ చేతిలో సిలిండరూ, పీడనం కొలిచే గేజీ సిద్ధంగా ఉంటాయి. ఇంటాయన నుదుట చెమటా సిద్ధంగానే ఉంటుంది. బయట బెజవాడ ఎండ కాస్తున్నప్పుడు బేరం ఎవరి వైపు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. రెండున్నర వేలో మూడు వేలో చేతులు మారతాయి. గది చల్లబడుతుంది. మరుసటి ఏడాది ఉగాదికి మళ్లీ అదే మాట, అదే సిలిండరు.

ఈ ఆనవాయితీ మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఏసీకి నిర్వహణ అక్కర్లేదని నా వాదన కాదు. చాలా అవసరం. అయితే ఆ పేరుతో మనం డబ్బు పెట్టేది ఒకదానికి, యంత్రం అడిగేది మరొకటి. అది అడిగేది కాసిని నీళ్లు, మెత్తటి బ్రష్షు, పక్షానికోసారి పది నిమిషాల ఓపిక. మనం పోసేది గ్యాస్.

వంటింట్లో ఫ్రిజ్ సంగతి చూడండి. పదేళ్లు, పదిహేనేళ్లు రాత్రనక పగలనక నడుస్తుంది. దానిలోనూ కంప్రెసర్ ఉంది, గ్యాస్ ఉంది. ఏటా దానికి గ్యాస్ నింపించాలని ఎవరైనా అన్నారా? ఏసీలో తిరిగేది కూడా అలాంటి మూసిన వలయమే. లోపలి కాయిల్‌లో, అంటే గొట్టాల చుట్టలో, ద్రవ రూపంలోని ఈ గ్యాస్ ఆవిరవుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని గట్టిగా నొక్కి బయటి కాయిల్‌కు పంపుతుంది. అక్కడ వేడిని వదిలేసి, మళ్లీ ద్రవమై లోపలికి వస్తుంది. ఈ తిరుగుడులో గ్యాస్ ఖర్చయ్యే చోటు ఎక్కడా లేదు. అది పెట్రోలులా మండిపోదు, కంప్రెసర్ దాన్ని తాగెయ్యదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. ఎక్కడ కారుతోందో చూడకుండా నింపడం చిల్లు కుండకు నీళ్లు మోయడమే.

ఫ్రిజ్‌కూ స్ప్లిట్ ఏసీకీ తేడా లేకపోలేదు. ఫ్రిజ్ గొట్టాలన్నీ ఫ్యాక్టరీలోనే అతికించి మూసేస్తారు. స్ప్లిట్ ఏసీలో లోపలి యూనిట్‌ను, బయటి యూనిట్‌ను కలిపే రాగి గొట్టాలను మన ఇంటికి వచ్చి, నిచ్చెన మీద నిలబడి, అంచులు విప్పార్చి, నట్లతో బిగిస్తారు. ఆ ఫ్లేర్ నట్ల దగ్గర కారే వీలుంది. విశాఖలాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి కాయిల్ తుప్పు పట్టి సన్నని రంధ్రాలు పడడమూ ఉంది. కాబట్టి గ్యాస్ ఎప్పటికీ తగ్గదని నేను అనను. తగ్గితే అది రోగం, ఏటా వచ్చే పండుగ కాదు అంటున్నాను.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఫిల్టర్ మూసుకుపోయిన ఏసీ, గ్యాస్ తగ్గిన ఏసీ పైకి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. సరిగ్గా నడుస్తున్న ఏసీలో లోపలి కాయిల్ సున్నాకు కొన్ని డిగ్రీల పైన ఉంటుంది. గది గాలి దాని మీదుగా ధారాళంగా పోతున్నంతసేపు ఆ గాలిలోని వేడే కాయిల్‌ను గడ్డకట్టకుండా కాపాడుతుంది. ఫిల్టర్‌కు దుమ్ము పట్టి గాలి తగ్గితే కాయిల్‌కు అందే వేడి తగ్గుతుంది. ఉష్ణోగ్రత సున్నా కిందికి జారుతుంది. గాలిలోని తేమ కాయిల్ పలుచటి రెక్కల మీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు మిగిలిన సందులనూ మూసేస్తుంది. చివరికి కాయిల్ నిండా మంచు, గది నిండా ఉక్క. గ్యాస్ తగ్గినప్పుడూ మంచే పడుతుంది, ఎందుకంటే పీడనం పడిపోయి ద్రవం మరీ తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఆవిరవుతుంది. సాధారణంగా గ్యాస్ తగ్గితే కాయిల్ మొదటి భాగంలోనే మంచు కనిపిస్తుంది. గాలి తగ్గితే కాయిల్ అంతటా పరుచుకుంటుంది. ఈ తేడా చూడాలంటే ముందు కవరు విప్పి చూడాలి కదా.

గేజీ పెట్టి చూస్తే తేలిపోతుంది అంటారు. తేలదు. దుమ్ము పట్టిన కాయిల్ ఉన్నప్పుడూ లోపలికి లాగే వైపు పీడనం తక్కువే చూపిస్తుంది. ముల్లు కిందికి ఉందని గ్యాస్ నింపుతారు, ముల్లు పైకి లేస్తుంది, అందరూ తృప్తి పడతారు. కొన్నాళ్లకు ఎవరో ఒకరు ఆ ఫిల్టర్‌ను కడుగుతారు. అప్పుడు యంత్రంలో ఉండవలసిన దానికంటే ఎక్కువ గ్యాస్ ఉన్నట్టు. బయటి కాయిల్‌లో పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, మే నెల మధ్యాహ్నం వేడెక్కి ఆగిపోతుంది. ఆగింది కనుక మళ్లీ మెకానిక్‌కు ఫోను. ఇన్వర్టర్ ఏసీల్లో ఇంకో మెలిక ఉంది. వాటి కంప్రెసర్ గది వేడిని బట్టి వేగం మార్చుకుంటుంది, దానితో పాటే పీడనమూ మారుతుంది. ఏ క్షణంలో చూసిన ముల్లును నమ్మాలి?

గుంటూరులో మా పెద్దమ్మగారి అబ్బాయి ఇంట్లో ఈ నాటకం మొత్తం చూశాను. “ఏటా పట్టిస్తూనే ఉన్నానురా, ఈ కంపెనీ ఏసీలే ఇంత” అని అన్నయ్య తిట్టుకుంటున్నాడు. ఫిల్టర్ ఎప్పుడు కడిగావని అడిగితే, “సర్వీసింగ్ కుర్రాడు చూసుకుంటాడుగా” అన్నాడు. ముందు మూత ఎత్తి ఫిల్టర్ జాలీ బయటకు లాగితే వదిన నోరు మీద చెయ్యి వేసుకుంది. జాలీ కన్నాలే కనిపించడం లేదు. తాలింపు పొగ, అగరొత్తుల మసి, దుమ్ము కలిసి దుప్పటిలా అట్ట కట్టింది. పెరట్లో కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి, ఈలోపు ఏసీని ఫ్యాన్ మీద తిప్పి మంచు కరిగించాం. సాయంత్రానికి గది చల్లబడింది. అయినా అన్నయ్య ఆ మెకానిక్‌ను పిలవడం మానలేదు. నమ్మకం అలాంటిది.

కడగడం గురించి చెప్పేది పెద్దగా లేదు. వేసవిలో రెండు వారాలకోసారి చాలు. రోడ్డు పక్క ఇల్లయితే, కొత్త కట్టడం పనులు దగ్గర్లో జరుగుతుంటే వారానికోసారి. స్విచ్చి ఆపి, జాలీ తీసి, దుమ్ము పట్టిన వైపు కాకుండా వెనక వైపు నుంచి నీళ్లు వదలాలి. అప్పుడు దుమ్ము వచ్చిన దారినే పోతుంది. వేడినీళ్లు వద్దు, ఎండలో పెట్టవద్దు; ప్లాస్టిక్ చట్రం వంకర పోతే మళ్లీ అమరదు. పూర్తిగా ఆరాక బిగించాలి. ఇందులో మెకానిక్ చేయవలసినది ఏమీ లేదు.

మెకానిక్ పని ఫిల్టర్ వెనక మొదలవుతుంది. జాలీని దాటిన సన్నటి దుమ్ము తడిగా ఉండే కాయిల్ రెక్కల మధ్య, గాలిని గదిలోకి తోసే బ్లోయర్ ఆకుల మీద పేరుకుంటుంది. బ్లోయర్ ఆకుల వంపు దుమ్ముతో నిండిపోతే, మోటారు అంతే వేగంగా తిరుగుతున్నా గాలి రాదు. ఏసీ వేసిన మొదటి నిమిషంలో వచ్చే ముక్కిపోయిన వాసన ఇక్కడిదే. దీన్ని ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో ఒకసారి, వానలు వెనకబట్టాక అక్టోబరులో ఒకసారి, నీళ్లతో కడిగించాలి. మేలో పిలిస్తే ఆ కుర్రాడికి ఆ రోజు ఇంకో పది ఇళ్లు ఉంటాయి. మీ ఇంట్లో అరగంట గడపమంటే ఎలా గడుపుతాడు?

కడిగేటప్పుడు పక్కన నిలబడండి. పంపు ఒత్తిడి ఎక్కువ పెడితే అల్యూమినియం రెక్కలు పడుకుంటాయి, ఆ చోట ఇక గాలి పోదు. లోపలి సర్క్యూట్ బోర్డుకు ప్లాస్టిక్ కవరు కట్టకుండా నీళ్లు కొడితే కొత్త బోర్డు ఖర్చు మీద పడుతుంది. ఆసిడ్ కొట్టి తళతళలాడించే వాళ్లుంటారు; ఆ తళతళ కాయిల్ ఆయుష్షులోంచి తీసినదే.

బయటి యూనిట్‌ను మనం దాదాపు మరిచిపోతాం. గదిలో లాగిన వేడినంతా వదలవలసింది అదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు; ఆ ఎండలో, 45 డిగ్రీల గాలిలోకి వేడిని వదలాలంటే లోపలి గ్యాస్ అంతకంటే బాగా వేడిగా ఉండాలి, అంటే పీడనం పెరగాలి. కాయిల్‌కు దుమ్ము పట్టినా, ముందు గోడ అడ్డమున్నా, వదిలిన వేడిగాలే తిరిగి లోపలికి వస్తున్నా ఆ పీడనం ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో డక్టు ఖాళీలోకి అంతస్తుకు నాలుగేసి యూనిట్లు తిప్పి పెడతారు. కింది వాటి వేడిని పైవి తాగుతుంటాయి. అక్కడ పై అంతస్తు వాళ్ల ఏసీ ‘చల్లబడడం లేదు’ అంటే అది గ్యాస్ లోపం కాదు, బిల్డరు లోపం. అందం కోసం బయటి యూనిట్‌కు ముందు చెక్క తెరలు కట్టే ఇంటీరియర్ వాళ్లకూ ఇందులో వాటా ఉంది.

ఇక పావురాలు గూడు కడతాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బల్లి బోర్డు మీదికి పాకి, తానూ పోయి బోర్డునూ తీసుకుపోతుంది. వేసవి మొదట్లో మూత తీయించి ఒకసారి చూపించుకుంటే చాలావరకు తప్పుతాయి. అప్పుడే 16 ఆంపియర్ల ప్లగ్గును కూడా తడిమి చూడాలి. గంట నడిచాక అది చేతికి వేడిగా తగిలినా, గోధుమరంగు మచ్చ కనిపించినా ఏసీ మెకానిక్ సంగతి అలా ఉంచి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఇళ్లలో ఏసీ దగ్గర అంటుకునే మంటల్లో వదులుగా ఉన్న కనెక్షన్ పాత్ర తక్కువేమీ కాదు.

నీళ్ల పైపు గురించి ఒక్క మాట. కాయిల్ మీద పట్టిన తేమ ఆ పైపు గుండా బయటకు పోతుంది. కోస్తాలో తొలకరి తర్వాతి ఉక్కలో రోజుకు బకెట్టు నిండడం మామూలే. పైపులో నాచులాంటి జిగురు పేరుకుంటే నీళ్లు గోడ మీదికి దిగుతాయి. సర్వీసింగ్‌లో పైపు చివర నుంచి ఊది శుభ్రం చేయమని అడగాలి, లేకపోతే చేయరు. ఈ నీళ్లను ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. కాయిల్ మీది దుమ్మునూ లోహపు మురికినీ కడుక్కుంటూ వచ్చిన నీళ్లవి. గచ్చు తుడవడానికి బాగుంటాయి, బ్యాటరీకి కాదు.

కరెంటు బిల్లు సంగతికి వద్దాం. ఇక్కడ అతిశయోక్తులు చెప్పి అమ్మేవాళ్లు ఎక్కువ. ‘సర్వీసింగ్ చేయిస్తే బిల్లు సగం’ అని వచ్చే సందేశాలను నమ్మకండి. మూసుకుపోయిన ఫిల్టర్‌ను మారిస్తే ఏసీ వాడే విద్యుత్తు 5 నుంచి 15 శాతం దాకా తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మన స్టార్ లేబుల్ మీద ఏడాది వాడకాన్ని 1,600 గంటల లెక్కన ముద్రిస్తారు. ఐదు నక్షత్రాల ఒకటిన్నర టన్నుల ఏసీకి అది సుమారు 750 యూనిట్లు. అందులో 15 శాతమంటే 110 యూనిట్ల పైచిలుకు. ఏడాది మొత్తం మీద వెయ్యి రూపాయల వ్యవహారం, అంతే.

కానీ ఆ యూనిట్లు ఎక్కడ పడతాయన్నది ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మార్చిన శ్లాబుల్లో 225 యూనిట్ల దాకా చివరి మెట్టు 6 రూపాయలు, 226వ యూనిట్ నుంచి 8 రూపాయల 75 పైసలు. ఏసీ వాడే ప్రతి అదనపు యూనిట్ పై మెట్టు మీదే పడుతుంది. తెలంగాణలో 2024 నుంచి అర్హత ఉన్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. ఒక్క ఏసీతో 190 దగ్గర నిలబడగలిగే ఇల్లు, దుమ్ము పట్టిన జాలీ వల్ల 205కు చేరితే ఆ నెల ఉచితం పోయి బిల్లు మొత్తం కట్టుకోవాలి. అక్కడ ఫిల్టర్ కడగడం నిజంగా డబ్బు మాటే. మిగిలిన వాళ్లకు లాభం కంప్రెసర్ ఆయుష్షులో కనిపిస్తుంది. అది బిల్లు మీద రాయని లాభం కనుక మనం లెక్కపెట్టం.

ఇక మెకానిక్‌ల గురించి. పైన నేను రాసింది చదివి వాళ్లంతా మోసగాళ్లని నేను అంటున్నట్టు అనిపిస్తే అది న్యాయం కాదు. మూడో అంతస్తు సన్‌షేడ్ మీద నడుముకు తాడు కూడా లేకుండా నిలబడి పనిచేసే మనిషికి మనం ఇచ్చేది ఎంత? కడిగినందుకు ఆరువందలు అడిగితే “నీళ్లు కొట్టడానికి ఇంతా?” అని వంద తగ్గిస్తాం. గ్యాస్‌కు మూడు వేలంటే మారుమాట్లాడం. కష్టానికి బేరం, సిలిండరుకు దండం. ఈ ధరల పద్ధతి పెట్టింది మనమే. గంటసేపు శ్రద్ధగా కాయిల్ కడిగి, ‘గ్యాస్ బాగానే ఉంది సార్’ అని చెప్పే నిజాయితీపరుడు ఈ పద్ధతిలో నష్టపోతాడు. కడగడానికి వెయ్యి ఇస్తాను, నిదానంగా చెయ్యి అని చెప్పి చూడండి. పని తీరే మారిపోతుంది.

వార్షిక ఒప్పందాల్లోనూ చూడవలసింది ఇదే. కొన్నిటిలో విడిభాగాలు, గ్యాస్ కలిసి ఉంటాయి. కొన్నిటిలో కడగడం ఒక్కటే ఉంటుంది. గ్యాస్ కూడా వాళ్ల ఖర్చే అయిన ఒప్పందాల్లో ‘గ్యాస్ తగ్గింది’ అనే మాట చిత్రంగా తక్కువగా వినిపిస్తుంది.

నిజంగానే కారుతోందని అనుమానం వస్తే? ముందు ఫిల్టర్, కాయిల్ కడిగించాకే ఆ ప్రశ్న వేయాలి. కడిగాక రిమోట్‌లో ఉష్ణోగ్రత బాగా తగ్గించి, ఫ్యాన్ వేగం పెంచి, పావుగంట నడిపి, లోపలికి పోయే గాలికీ బయటకు వచ్చే గాలికీ తేడా మామూలు థర్మామీటరుతో కొలవండి. ఎనిమిది పది డిగ్రీలో, ఇంకా ఎక్కువో ఉంటే గ్యాస్ మాట ఎత్తనక్కర్లేదు. తేడా మూడు నాలుగే ఉండి, నట్ల దగ్గర నూనె మరక కనిపిస్తే అనుమానం నిజమే కావచ్చు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటకు వస్తుంది కనుక ఆ మరక మంచి సాక్ష్యం. సబ్బు నురగ పూస్తే బుడగలు చెబుతాయి. గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి పీడనం నిలుస్తుందో లేదో చూడడం పద్ధతి. ఆక్సిజన్‌తో చేస్తానంటే గుమ్మం దాటించండి. నూనెతో కలిస్తే అది పేలుతుంది.

చిల్లు మూశాక వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేయాలి. తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను లోపలి నుంచి తింటుంది. తర్వాత గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో బయటి యూనిట్ మీది లేబుల్‌పై ముద్రించి ఉంటుంది. కాటా తెచ్చారా అని అడిగితే చాలామంది మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 గ్యాస్ పీడనం పాత ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లు పైనే. దానికి కొద్దిగా మండే గుణమూ ఉంది. కొన్ని మోడళ్లలో వాడే ఆర్-290 అయితే అచ్చంగా ప్రొపేన్, వంటగ్యాస్‌లో ఉండేదే. వీటి దగ్గర పాత గేజీ, గొట్టాలు అతికే మంట టార్చి, అంచనా లెక్కలు పనికిరావు.

కారిపోయే గ్యాస్ మన జేబుతో ఆగదు. కిలో ఆర్-32 గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కన 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏసీల్లో వాడే మరో గ్యాస్ ఆర్-410ఏ అయితే 2,088. ఈ రకం వాయువులను తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మన దేశం 2021లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గించి 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. ఇళ్ల గోడల మీద ఏటా కారి, ఏటా నిండుతున్న గ్యాస్ కూడా ఆ లెక్కలోదే.

అన్నిటికంటే ఎక్కువ గ్యాస్ వృథా అయ్యేది అద్దె ఇళ్లు మారేటప్పుడు అని నా అభిప్రాయం. పాత ఇంట్లో ఏసీ విప్పేవాడు నేరుగా నట్టు వదులు చేస్తాడు, బుస్సుమని గ్యాసంతా ఆకాశానికి పోతుంది, కొత్త ఇంట్లో బిగించేవాడు ‘గ్యాస్ లేదు సార్’ అంటాడు. తరచుగా ఇద్దరూ ఒకడే. నిజానికి విప్పే ముందు సన్న గొట్టం వాల్వు మూసి, ఏసీని కాసేపు నడిపి, గ్యాసంతా బయటి యూనిట్‌లోకి చేరాక లావు గొట్టం వాల్వు కూడా మూసేస్తే చుక్క పోదు. కొద్ది నిమిషాల పని. స్పానరు నట్టుకు తగిలించకముందే ఈ మాట అడగాలి, తర్వాత అడిగి లాభం లేదు. కొత్త ఇంట్లో వ్యాక్యూమ్ పంపు తేకుండా వచ్చి, ‘కాస్త గ్యాస్ వదిలి గాలి బయటకు కొట్టేస్తాను’ అంటే పని ఆపించండి. పంపు వచ్చేదాకా రెండు రాత్రులు ఫ్యాన్ కింద పడుకోవచ్చు.